ఉత్పత్తిదారు పేరు

మా బావ నరసింగరావు మీద నాకు కోపం. ఇందులో దాచేదేమీ లేదు, ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆయన మామిడి రైతుల సంఘానికి అధ్యక్షుడు. విజయనగరం నుంచి భోగాపురం దాకా ఎక్కడ మీటింగు పెట్టినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, "మన మట్టిలో పండింది మనం తిందాం, మన పక్క రైతు దగ్గరే కొందాం" అని మైకు అరిగేలా మాట్లాడతాడు. ఆ పక్క రైతుని నేనే. ఈ ఏడు మా తోట కాయ ఆయన కొనలేదు. మూడొంతులు చెట్ల కిందే మగ్గి, ఈగలు ముసిరి, చివరికి గొర్రెలవాళ్లు తోలుకొచ్చిన మందకి మేతయింది. ఆయన మా కాయ మానేసి ఏం కొన్నాడో, అది చూసి ఆయన భార్య, అంటే నా చెల్లెలు లక్ష్మణమ్మ, ఏం చేసిందో చెప్పాలి. చెబుతూంటే నా గోడు ముందుకు తోసుకొస్తుంది. కథ మాత్రం ఆమెది.

లక్ష్మణమ్మకి నలభై ఆరేళ్లు. ఇరవై ఏడేళ్లుగా ఆ ఇంట్లో మామిడి తాండ్ర పోస్తోంది. కొట్లో ముక్క కొనుక్కుని చప్పరించే వాళ్లకి అదెలా తయారవుతుందో తెలియదు. తెల్లవారకముందే లేచి పళ్లు కడగాలి. పీచుకాయ కాబట్టి చేత్తోనే పిసకాలి. గుడ్డలో వేసి వడగట్టాలి, బెల్లం కలపాలి, ఎండ ఎక్కేసరికి తాటాకు చాపల మీద పల్చగా పరచాలి. అది ఆరాక మర్నాడు దాని మీద ఇంకో పొర. ఆ మర్నాడు ఇంకోటి. అలా ఇరవై రెండు రోజులు ఇరవై రెండు పొరలు. మధ్యలో చీమలు పట్టకుండా చూడాలి, దుమ్ము లేస్తే గుడ్డ కప్పాలి, పడమట మబ్బు కనిపిస్తే పన్నెండు చాపలూ వసారాలోకి లాగాలి. ఈ పనితో పాటు ఇంట్లో వంట, గేదెలు, మంచం మీదున్న మామగారు. ఆయన పోయేదాకా నాలుగు వేసవులు అటు ఆయన గుడ్డలు ఉతికి, చేతులు సున్నిపిండితో తోముకుని, ఇటు వచ్చి రసం పిసికింది. ఏప్రిల్లో మొదలై జూన్ వచ్చేసరికి ఆమె వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని, చీలి ఉంటుంది. మామిడి సొన కారి మోచేతుల దాకా నల్లటి మచ్చలు. అన్నం కలుపుకుంటే కారం మండుతుందని ఆ రెండు నెలలూ మజ్జిగన్నమే తింటుంది. ఈ సంగతి కూడా నాకు ఈ మధ్యనే తెలిసింది. అంతకుముందు మా చెల్లెలికి మజ్జిగన్నం ఇష్టమని అనుకునేవాణ్ని.

పోయిన ఏడాది విజయనగరంలో స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన పెట్టారు. సరుకు నా ఆటోలోనే వేసుకెళ్లాం. బావ బల్ల ముందు నిలబడ్డాడు. లక్ష్మణమ్మ బల్ల వెనక చిన్న స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లకి రుచి చూపించడానికి తాండ్ర ముక్కలు కోస్తూ ఉంది. దుర్గాభవాని అని ఒక ఆఫీసరమ్మ వచ్చింది, ముప్పై ఏళ్లుంటాయేమో. ముక్క నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, సరాసరి మా చెల్లెల్నే అడిగింది.

"ఎవరు చేశారమ్మా ఇది? పీచు రుచి అలాగే ఉంది."

లక్ష్మణమ్మ నోరు తెరిచింది. బావ అందుకున్నాడు.

"మా ఇంట్లో ఆడవాళ్లండీ మేడమ్. ఖాళీగా ఉన్నప్పుడు చేస్తూ ఉంటారు."

"ఉత్పత్తిదారు పేరు ఏమని రాసుకోమంటారు?"

"నరసింగరావు. రైతుల సంఘం అధ్యక్షుడు అని కూడా వేసుకోండి."

సాయంత్రం మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు. లక్ష్మణమ్మ బల్ల వెనక నిలబడి చూసింది, చేతిలో ఇంకా ఆ కత్తి ఉంది. నేనూ చప్పట్లు కొట్టాను. మా తోట కాయకి బహుమతి వచ్చిందని నాకు సంబరం.

తిరిగి వస్తూంటే లక్ష్మణమ్మ ఆటోలో వెనక ఖాళీ గంపల మధ్య కూర్చుంది. మా ఊరి మలుపు దగ్గర అడిగింది.

"అన్నియ్యా, ఖాళీ అంటే ఎప్పుడు?"

"ఏటే?"

"మీ బావ అన్నాడు గదా, ఖాళీగా ఉన్నప్పుడు సేస్తారనీసి. ఇరవై ఆరేళ్లల్ల నాకు ఖాళీ ఎప్పుడొచ్చిందా అని ఎతుకుతన్నాను. ఒక్క పూటా అగుపడ్నేదు."

నవ్వాననుకుంటాను. "ఆడి మాటలకేటిలే" అన్నట్టున్నాను.

ఆ ప్రదర్శన తరవాత దుర్గాభవాని సంఘానికి ఒక ఏర్పాటు చేసింది. ఊళ్లలో చేసిన సరుకు పట్నంలో ఒక కొట్లో పెడతారు. అయితే ప్రతి పొట్లం మీదా ఎవరు చేశారు, ఏ ఊరు, ఏ తోట కాయ అని అచ్చువేయాలి. కొనేవాళ్లకి అదే నమ్మకం. బావ ఊరంతా తిరిగి చెప్పాడు. భోగాపురం విమానాల్లో దిగిన వాళ్లందరి చేతుల్లోనూ మన పొట్లమే ఉంటుందన్నాడు. ఆ రాత్రి అన్నం పెడుతూ లక్ష్మణమ్మ ఆయన్ని అడిగిందట, పొట్లం మీద నా పేరు వెయ్యండి అని. పెళ్లయ్యాక ఆ ఇంట్లో తనకంటూ ఆమె అడిగిన మొదటి వస్తువు అదేనేమో.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని తరవాత చెప్పింది. నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా, నీ పేరెట్టడానికి నాకేటి అడ్డం? రూలొప్పదే. ఉత్పత్తిదారంటే సంఘంలో మెంబరయ్యుండాల. మెంబరంటే రైతు. రైతంటే పాస్‌బుక్కుండాల. నీకు పాస్‌బుక్కున్నాదేటి?"

ఆ రూలు రాసింది ఆయనే. సంఘం పెట్టిన రోజున నేను పక్కనే ఉన్నాను. కౌలుకి చేసేవాళ్లు, కూలివాళ్లు, ఆడవాళ్లు వచ్చి చేరితే మీటింగుల్లో గోల ఎక్కువవుతుందని, భూమి పాస్‌బుక్ నకలు ఉంటేనే సభ్యత్వం అని రాసుకున్నాం. సంతకాల్లో నాదీ ఉంది. సంఘంలో నూట పది మంది రైతులం, అందులో తాండ్ర పోయడం వచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఈ ఏడు సీజన్ వచ్చింది. కాయ పక్వానికి వచ్చాక బావకి ఫోను చేశాను. "సూద్దాం బావా" అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. మూడో వారం ఒక లారీ వాళ్లింటి ముందు ఆగి నీలం రంగు డ్రమ్ములు దింపిందని తెలిసి పరిగెత్తాను. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫ్యాక్టరీలో తీసిన మామిడి గుజ్జు. పీచు లేదు, పుల్లదనం లేదు, సెంటు కొట్టినట్టు వాసన. పిసకక్కర్లేదు, వడగట్టక్కర్లేదు, మూత తీసి చాప మీద పోయడమే. పక్కన అట్టపెట్టెల్లో పొట్లాలు అచ్చై వచ్చి ఉన్నాయి. 'మా ఊరి పీచుమామిడి. మా తోట. మా చేతి తాండ్ర. ఉత్పత్తిదారు: నరసింగరావు.'

వీధిలోనే అరిచాను.

"ఏటి బావా ఇది? మీటింగుల్ల పక్క రైతు కాడ కొనండని సెప్పీది నువ్వే గదా? ఈ డ్రమ్ము నీ పక్క రైతేటి?"

"గట్టిగా మాటాడకు సూరి బావా. నీ కాయ పిసకడానికి మనుసులు కావాల, రోజులు కావాల. పట్నం కొట్టోడు నెలకి ఇంత సరుకని అడుగుతన్నాడు. తినీవోడికి తెల్దు."

"తినీవోడికి తెల్దని అబద్దం అచ్చేయిస్తావా? మా సెల్లి సేతి పని అంటే ఊళ్లన్నీ కొనుక్కుంటన్నాయి. దాని పేరు సెడగొడతావా?"

"దాని పేరెక్కడున్నాది అందులో?"

లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు ఉదయం ఆ గుజ్జు చాప మీద పోయనని చెప్పిందట. అప్పటికి మూడు గంటలుగా ఇంట్లో అదే రభస. ఇప్పుడు నా ముందు మళ్లీ అంది, మెల్లగానే.

"నాను పొయ్యను. కొనుక్కున్నోలు నన్ను తిట్టుకుంటారు. నాకు సిగ్గు."

బావ ఆమె వైపు తిరిగాడు. ఆ మాట నా చెవులారా విన్నాను.

"పొట్లం మీద నీ పేరు నేదు గదే, నీకెందుకు సిగ్గు?"

ఇంత సులువుగా అన్నాడు. వాన రాదులే, గొడుగెందుకు అన్నట్టు. లక్ష్మణమ్మ లోపలికి వెళ్లి, వసారాలో పరిచిన చాపల్ని ఒక్కొక్కటే తీసి, బావి దగ్గర కడిగి, ఎండకి నిలబెట్టి, ఆరాక చుట్ట చుట్టి అటక మీద పెట్టింది. సీజన్ మధ్యలో ఆ చాపలు అటకెక్కడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. బావ ఇద్దరు కూలివాళ్లని పెట్టుకుని ప్లాస్టిక్ పట్టాల మీద డ్రమ్ము గుజ్జు పోయించుకున్నాడు.

నేను వారం రోజులు ఊరంతా తిరిగి తిట్టాను. టీ కొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర, ఎవరు దొరికితే వాళ్లకి చెప్పాను. రైతు నోరు కొట్టాడన్నాను. నా చెల్లెలి కష్టాన్ని తన పేరుతో అమ్ముకుంటున్నాడన్నాను. ఆడదాని చెమట అన్నాను. చెబుతూంటే నా గొంతు నాకే బాగుండేది.

ఎనిమిదో రోజు పొద్దున్న లక్ష్మణమ్మ మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ సుభద్రమ్మ చోడి అంబలి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. బావ మీద పంచాయితీ పెట్టమని అడగడానికి వచ్చిందనుకున్నాను. పెద్దమనుషులు ఎవరెవర్ని పిలవాలో కూడా మనసులో అనుకుంటున్నాను.

"ఒదినా, అన్నియ్య ముందల అనగూడని మాటే. అయినా ఇననీ" అని మొదలుపెట్టింది.

"నాను కాపరానికొచ్చిన కొత్తల మా అత్త ఏటన్నాదో తెలుసా? ముట్టయితే తాండ్ర సాపకేసి సూడగూడదు, నీ నీడ పడితే పొర పులిసిపోద్ది అన్నాది. పసువుల సాలల నాలుగు రోజులు కూకున్నాను. ఆ నాలుగు రోజులూ ఆవిడే పోసింది. అయిదో రోజుకి ఆవిడకి నడుం పట్టీసింది. మరుసటేడు మల్లీ సీజన్లోనే నాకొచ్చింది. సాలలోకి ఎల్లిపోతంటే, 'ఎక్కడికే ఎల్తన్నావు, తాండ్రకి ముట్టు నేదు, ఎండ పోతన్నాది, రా' అన్నాది. అప్పుట్నుంచి వేసంకాలం నాకు ముట్టు నేదు. కడుపులో నొప్పొచ్చినా నేదు. తాండ్ర కోసీసి డబ్బాలకెత్తీసినాక, ఆసాడంలో మల్లీ సాలలోకే. దీపం ముట్టగూడదు, అన్నం కుండ ముట్టగూడదు. నా ఒంట్లో వచ్చినది కూడా ఆలకి అక్కరైనప్పుడు నేదు, అక్కర్నేనప్పుడు ఉన్నాది. అప్పుడు నాకు కోపం రానేదు ఒదినా. పిలిసినారు గదా అని సంతోసించీసినాను. ఇప్పుడొస్తన్నాది కోపం, ఇరవై ఏడేళ్లదీ ఒక్కసారే. ముట్టు ఆగిపోయి ఏడాదయ్యింది, ఇప్పుడు కోపం."

సుభద్రమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నేను తల పక్కకి తిప్పుకున్నాను.

"రైతు అన్న మాటా అంతే. పని కాడ నాను రైతుని. కాగితం కాడ ఆడదాన్ని. ఆఫీసరమ్మ నన్ను సూసి అడిగినాది అన్నియ్యా, నీకు గురుతున్నాదా? నన్ను సూసి అడిగినాది. ఎవులూ అలాగడగనేదు. నోరు తెరిసినాను. అంతలోకే మీ బావ. ఆ తెరిసిన నోరు ఇంకా తెరిసే ఉన్నట్టుంటాది నాకు. వొండుతున్నప్పుడు, పాలు తీస్తన్నప్పుడు, నోట్లో ఆ మాట అలాగే. నాను సేసినానమ్మా. రెండు ముక్కలు. సెప్పనేకపోయినాను. నీకెందుకు సిగ్గు అన్నాడు సూడు, అదీ నిజవే. పేరు నేనోలికి సిగ్గు కూడా ఉండగూడదు. నా సిగ్గు నాకు కావాల. తాండ్ర బాగోపోతే కొన్నోలు నన్నే తిట్టాల. అందుకని వచ్చినాను. నాకు పాస్‌బుక్కు కావాల."

"మంచిది!" అన్నాను, మంచం మీంచి లేచి. "అడుగుదాం ఆడ్ని. మూడెకరాలున్నాది గదా ఆడికి. పెద్దమనుసుల్లో పెట్టి నీ పేర్న ఓ ఎకరం రాయించకపోతే నా పేరు అప్పలసూరే కాదు."

"ఆయన భూమి నానెందుకడుగుతాను? అది ఆలమ్మా నాన్నది. నాను మన నాన్న తోట అడుగుతన్నాను."

గేదె అరిచింది. సుభద్రమ్మ చెయ్యి చెల్లెలి భుజం మీంచి జారిపోయింది.

తొమ్మిదేళ్ల కిందట నాన్న పోయాడు. దినవారాలైన నెలకి ఒక కాగితం రాయించి వాళ్లింటికి పట్టుకెళ్లాను. సరిగ్గా సీజన్. చాపల మధ్య గొంతుక్కూర్చుని రసం పరుస్తోంది. చేతులు మోచేతుల దాకా పసుప్పచ్చగా ఉన్నాయి. "ఏటన్నియ్యా ఇది?" అని అడిగింది. "ఏటీ నేదు, నాన్న పేరు తీసి మార్పించడానికి" అన్నాను. చెయ్యి కడుక్కుని వస్తానంది. అక్కర్లేదు, ఎండ పోతుంది, సంతకం ఇక్కడే పెట్టీ అన్నాను. పెట్టింది. కాగితం మూల రసం మరక కూడా అంటింది. అది చదివి వినిపించలేదు. నా వాటా నాకొద్దు, మా అన్నయ్యకే వదులుకుంటున్నాను అని అందులో ఉంది. ఆ ఏడు ఆమెకి ఒక నేత చీర కొనిపెట్టాను.

"ఆడపిల్లకి పెట్టవలసిందంతా పెట్టీసినాం గదా ఒదినా" అంది మా ఆవిడ, మెల్లగా.

"పెట్టినారు. నానేటీ కాదన్నేదు. సెప్పి పెడితే బాగున్ను" అంది లక్ష్మణమ్మ. తరవాత నాకేసి చూసింది. "భూముల రీసర్వే నోటీసు ఊరి సచివాలయం గోడకి అంటించినారు. వారసులు అబ్యంతరాలుంటే సెప్పుకోవచ్చునని ఉన్నాది. సదువుకున్నాను. ఆఫీసరమ్మకి ఫోను కూడా సేసినాను. ఆడపిల్లకీ సమానవేనట, రిజిస్టరు కాని కాగితం సెల్లదట. ఆ మాట నాను పైవోలికి సెప్పకముందే నీకే సెప్పాలని వచ్చినాను."

"అంటే? నా మీద కేసేస్తావేటే? ఊరంతా తిరిగి నీ తరపున ఆడ్ని తిట్టింది నాను గదా!"

"తిట్టినావు" అంది. గొంతు ఏమాత్రం పెరగలేదు. "మీ బావ నా పేరు పొట్లం మీద రాయనేదు. నువ్వు మన నాన్న తోటలోంచే తీసీసినావు. రెండిట్ల ఏది పెద్దదో నువ్వే సూసుకో."

అంబలి గ్లాసు కడిగి, బోర్లించి, వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి ఆయనకీ చెప్పేసిందట, ఆ సాయంత్రమే బావ వచ్చాడు. ఫోను ఎత్తని మనిషి పళ్లు, మిఠాయి పట్టుకుని వచ్చాడు. నా పక్కన మంచం మీద కూర్చుని భుజం తట్టాడు.

"బావా, మన మజ్జిన ఏవున్నా మనం మనం సూసుకుందాం. ఆడదానికి పాస్‌బుక్కొస్తే రేపు నీ మాటింటాదా, నా మాటింటాదా? సర్వే వోలొచ్చినప్పుడు నీ కాగితం తీసి అబ్యంతరవని గట్టిగా సెప్పు. పైకేడాది నుంచి నీ తోట కాయంతా నాదే. డ్రమ్ములు మానీస్తాను. రాసిస్తాను గావాలంటే."

ఆయన మీద కోపంతో ఉడికిపోతున్న నేను, ఆ మాటకి వెంటనే పో అనలేదు. అది చెప్పకుండా దాటేస్తే ఈ రాతంతా దండగ. మిఠాయి డబ్బా మీద అంటించిన కాగితం కూడా చదివాను, ఎవరు చేశారో అని. రాత్రి పడుకుని లెక్కలు వేసుకున్నాను. ఎన్ని గంపలు, ఏ ధర. ఆ లెక్కలో చెల్లెలు ఎక్కడా రాలేదు.

సర్వేవాళ్లు శుక్రవారం వచ్చారు. తోట గట్టు మీద మూడు కాళ్ల మిషను పెట్టారు. చుట్టుపక్కల రైతులంతా వచ్చారు. బావ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి నాకేసి చూస్తున్నాడు. లక్ష్మణమ్మ అందరికంటే ముందే వచ్చింది. తూర్పు కొసన, పీచుకాయ చెట్లున్న వైపు, ఎవరూ చెప్పకుండానే వెళ్లి నిలబడింది. నీళ్ల సీసా, ఆధార్ నకలు ఉన్న ప్లాస్టిక్ సంచి తప్ప చేతిలో ఇంకేమీ లేదు.

సర్వేయరు కుర్రాడు పుస్తకం తెరిచాడు. "లక్ష్మణమ్మగారు ఎవరు?"

"నానే బాబూ."

"ఏం చేస్తుంటారమ్మా?"

బావ గొంతు సవరించుకున్నాడు. "గృహిణి" అనబోతున్నాడని నాకు తెలుసు.

"రైతుని. తాండ్ర పోస్తాను" అంది. ఈసారి ఎవరూ అందుకోలేదు, అందుకునే వ్యవధి ఇవ్వలేదు. "ఈ సెట్లు నావి. ఇటు పక్క మా అన్నియ్యవి. ఆల కాయ కూడా నానే కొంటాను. మా ఊరి కాయే పోస్తాను, ఆరు సాపలే పోసినా సరే."

కుర్రాడు నా వైపు తిరిగాడు. "మీకేమైనా అభ్యంతరం ఉందా?"

జేబులో ఆ కాగితం ఉంది. మడత విప్పితే మూల మరక కనిపిస్తుంది. బావ కళ్లతో సైగ చేశాడు. ఉంది అనడానికి నోరు తెరిచాను. నోరైతే తెరుచుకుంది, మాట మాత్రం రాలేదు. కుర్రాడు కాసేపు చూసి, లేదని రాసుకున్నాడు.

నేను మారిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బావ మీద కోపం అలాగే ఉంది, ఆయన డ్రమ్ములు అలాగే ఉన్నాయి, పట్నం కొట్లో ఆయన పొట్లాలు ఇంకా అమ్ముడవుతున్నాయి. ఆ తోటకి నీళ్లు మోసిన చేతులు నావి, పురుగు మందు కొట్టి దగ్గుకున్న గుండె నాది. పోయిందంటే మండుతుంది. ఆ మంట ఎవరి మీద చూపించాలో ఇప్పుడు తెలియడం లేదు, అంతే. నాన్న తోట మొత్తం ఎనభై నాలుగు సెంట్లు, ఇరవై రెండు చెట్లు. అందులో నాకు పోయింది నలభై రెండు సెంట్లు, పదకొండు కాపు చెట్లతో సహా.